గుర్రాల్లేని రాజుగారి సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ గురించి నన్ను అడిగే తెలుగువాళ్లు రెండు రకాలు. పైథాన్ కోడింగ్ నేర్చుకుంటూ ఆ పేరెక్కడిదని తీగ లాగినవాళ్లు ఒక రకం. స్కాట్లాండ్ టూర్‌కి వెళ్లి, ఓ పాత కోట ముందు వయసొచ్చిన మనుషులు కొబ్బరి చిప్పలు టకటకలాడిస్తూ గెంతుతుంటే చూసి తెల్లబోయి వచ్చినవాళ్లు రెండో రకం. ఇది ఇద్దరి కోసమూ. సినిమా చూడనివాళ్లకు ముందే చెబుతున్నా, ముగింపుతో సహా అన్నీ బయటపెట్టేస్తాను. దానివల్ల ఈ సినిమాకు వచ్చే నష్టం పెద్దగా ఏమీ లేదు.

ఇంతకీ కథేమిటి?

క్రీ.శ. 932, ఇంగ్లాండ్. ఆర్థర్ రాజు తన కొలువులోకి వీరుల్ని పోగుచేసుకుంటూ ఊళ్లు తిరుగుతుంటాడు. దేవుడు మబ్బుల్లోంచి తొంగిచూసి, హోలీ గ్రెయిల్‌ని వెతకమంటాడు. ఏసుక్రీస్తు చివరి విందులో వాడాడని చెప్పుకునే పాత్ర అది. దాని కోసం వీరులు బయల్దేరడం మీద మధ్యయుగపు ఐరోపాలో బోలెడన్ని గాథలు పుట్టాయి. వీళ్లు ఆ గాథలతో చెడుగుడు ఆడుకున్నారు.

కథంటూ వెతికితే ఇంతే. మిగతాదంతా దారిలో తగిలే మనుషులు. "నేను రాజుని" అంటే "మేమెప్పుడు ఎన్నుకున్నాం?" అని నిలదీసే మట్టి పిసుక్కునే రైతులు. కోట గోడ మీద నుంచి తిట్లు లంకించుకునే ఫ్రెంచి సైనికుడు. "నీ!" అని అరిచి దారిన పోయేవాళ్లను హడలగొట్టి, వదిలిపెట్టాలంటే ఓ చక్కటి పొద తెచ్చిమ్మనే అడవి వీరులు. ఊళ్లో శవాల బండి వస్తే "నేనింకా చావలేదయ్యా" అని మొత్తుకునే ముసలాయన.

మాంటీ పైథాన్ అంటే ఎవరు?

ఎవరూ కాదు. ఆ పేరున్న మనిషే లేడు. ఆరుగురు కలిసి పెట్టుకున్న ఉత్తుత్తి పేరది. గ్రాహమ్ చాప్‌మన్, జాన్ క్లీజ్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జిలో చదివారు. టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. ఆరోవాడు టెర్రీ గిలియమ్ అమెరికాలో పుట్టినవాడు, కార్టూన్లు గీసేవాడు. 1969 అక్టోబర్ 5న బీబీసీలో వీళ్ల కార్యక్రమం మొదలైంది, 1974 దాకా నడిచింది. ఈ సినిమాకు దర్శకులు ఇద్దరు టెర్రీలు, జోన్స్, గిలియమ్. పూర్తి నిడివి సినిమా తియ్యడం ఇద్దరికీ అదే మొదలు.

కొబ్బరి చిప్పల గోలేమిటి?

ఈ సినిమాని ఎందుకింత ప్రేమిస్తారో అర్థం కావాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి.

మొదటి దృశ్యం. పొగమంచు. గుర్రపు డెక్కల చప్పుడు దగ్గరకొస్తుంటుంది. గుట్ట అవతలి నుంచి ముందు కిరీటం, తర్వాత తల, తర్వాత ఒళ్లు కనిపిస్తుంది. గుర్రం మాత్రం కనిపించదు. ఆర్థర్ రాజు కళ్లేలు పట్టుకున్నట్టు చేతులు ముందుకు పెట్టుకుని గెంతుతూ వస్తుంటాడు. వెనకాల మూటలు మోస్తూ నౌకరు ప్యాట్సీ రెండు కొబ్బరి చిప్పలు టకటక కొడుతుంటాడు.

కారణం చాలా మామూలుది. గుర్రాలకు డబ్బుల్లేవు. సినిమా మొత్తం ఖర్చు మూడు లక్షల పౌండ్లు కూడా దాటలేదు. రేడియో నాటకాల్లో డెక్కల చప్పుడు కోసం కొబ్బరి చిప్పలు కొట్టడం పాత పద్ధతి. దాన్నే తెచ్చి కెమెరా ముందు పెట్టారు.

ఇంకొకరైతే అక్కడితో నవ్వించి ఊరుకునేవారు. వీళ్లు ఊరుకోలేదు. కోట మీది కాపలావాడు కిందికి చూసి, మీకు గుర్రం లేదు, కొబ్బరి చిప్పలు కొడుతున్నారు అని పట్టేసుకుంటాడు. అంతటితో వదలకుండా, ఈ చలిదేశంలో మీకు కొబ్బరికాయ ఎక్కడ దొరికిందని ఆరా మొదలుపెడతాడు. స్వాలో పిట్ట వలస వస్తూ తెచ్చి ఉండొచ్చంటాడు రాజు. అంత చిన్న పిట్ట అంత బరువెలా మోస్తుంది, పీచు పట్టుకుని మోస్తుందా, రెండు పిట్టలు తాడు కట్టి మోస్తాయా... రాజు విసుగెత్తి వెళ్లిపోయినా కాపలావాళ్ల చర్చ తెమలదు. (కోనసీమలో అయితే ఈ జోకు పుట్టేదే కాదు. అక్కడ గుర్రం ఎక్కడ దొరికిందని అడిగేవారు.)

లేమిని దాచుకోకపోవడమే దీని అందం. దగ్గర డబ్బు లేకపోతే సినిమావాళ్లు సాధారణంగా ఏదో తంటాలు పడి ఉన్నట్టు చూపిస్తారు. వీళ్లు లేనిదాన్ని లేదని చెప్పి, దాని మీద పెద్ద వాదమే పెట్టారు. అందుకే అభిమానులకు ఇది ఎవరో కట్టిన పెద్ద సెట్టింగులా అనిపించదు. పెరట్లో తామే ఆడుకోగలిగిన ఆటలా అనిపిస్తుంది. రెండు చిప్పలుంటే మీరు ప్యాట్సీ. అవి లేకపోయినా రాజు కావచ్చు.

స్వాలో పిట్ట వేగం ప్రశ్నకు జవాబుందా?

సినిమా చివర్లో వంతెన కాపలా ముసలివాడు అడిగే ప్రశ్న ఇది. తప్పు చెబితే లోయలో పడేస్తాడు. బరువేమీ మొయ్యని స్వాలో పిట్ట గాల్లో ఎంత వేగంతో పోతుందంటాడు. "ఏ పిట్ట, ఆఫ్రికాదా, ఐరోపాదా?" అని రాజు ఎదురడిగేసరికి ముసలివాడికే తెలియక తనే లోయలో పడతాడు.

అభిమానులు దీన్ని వదిలిపెడతారా! పిట్ట రెక్కల కొలతలు, సెకనుకు ఎన్నిసార్లు రెక్కలాడిస్తుందో తీసుకుని లెక్కలు కట్టారు. ఐరోపా స్వాలోకి సెకనుకు సుమారు 11 మీటర్లు, అంటే గంటకు 40 కిలోమీటర్లని తేల్చారు. ఇంజినీర్లు ఎక్కువగా ప్రేమించిన సినిమా అని ఊరికే అనరు.

సినిమాకు డబ్బెవరు పెట్టారు?

పాటగాళ్లు. స్టూడియోలు ముందుకు రాలేదు. లెడ్ జెప్పెలిన్ బృందం 31,500 పౌండ్లు, పింక్ ఫ్లాయిడ్ 21,000 పౌండ్లు పెట్టాయి. జెత్రో టల్ బృందం నాయకుడు ఇయాన్ ఆండర్సన్ సొంత డబ్బు 6,300 పౌండ్లు ఇచ్చాడు. అప్పట్లో బ్రిటన్‌లో పెద్ద ఆదాయాల మీద పన్ను విపరీతం. ఎలాగూ పన్నుకింద పోయే డబ్బే కదా, వీళ్లకిస్తే సరదాగా ఉంటుందనుకున్నారు. నాకు బాగా నచ్చిన పెట్టుబడిదారు మాత్రం ఒక క్రికెట్ జట్టు. గీతరచయిత టిమ్ రైస్ నడిపే హార్ట్‌ఏక్స్ అనే జట్టు అది.

షూటింగ్ ఎక్కడ జరిగింది? అన్ని కోటలు ఎలా దొరికాయి?

దొరకలేదు, అదే తమాషా. 1974 వసంతకాలంలో స్కాట్లాండ్‌లో నాలుగైదు వారాల్లో తీశారు. రకరకాల కోటలు చూసి పెట్టుకున్నారు. షూటింగ్ దగ్గరపడ్డాక ప్రభుత్వ శాఖ వాళ్లు, ఇలాంటి వేషాలు ఆ కట్టడాల గౌరవానికి తగవని అనుమతి నిరాకరించారు. వందల ఏళ్లపాటు మనుషుల్ని చిత్రహింసలు పెట్టిన కోటలకు నాలుగు జోకుల వల్ల పరువు పోతుందట!

ఇక మిగిలినవి ప్రైవేటు ఆస్తిగా ఉన్న కోటలు. స్టిర్లింగ్ పట్టణానికి దగ్గర్లో ఉన్న డూన్ కోటే ఫ్రెంచివాళ్ల కోట. అదే ఆర్థర్ రాజుగారి కోట కేమ్లాట్ లోపలి భాగం. గలహాద్ అనే వీరుడు వెళ్లే అమ్మాయిల కోటా అదే, లాన్సిలాట్ అనే మరో వీరుడు కత్తి దూసుకుని దూరే పెళ్లింటి కోటా అదే. ఒకే ఇంటిని నాలుగు వైపుల నుంచి నాలుగిళ్లుగా చూపించారు. చివర్లో నీళ్ల మధ్య కనిపించేది స్టాకర్ కోట. దూరం నుంచి కనిపించే కేమ్లాట్ అయితే ఉత్త బొమ్మ. వీరులంతా దాన్ని చూసి పరవశించిపోతుంటే, అది బొమ్మేనని ప్యాట్సీ గొణుగుతాడు. రాజు నోరు మూయిస్తాడు.

షూటింగ్ నిజంగా అంత నరకమా?

అవును. గొలుసు కవచాల్లా కనిపించేవి చాలావరకు వెండిరంగు పూసిన ఉన్ని అల్లికలు. స్కాట్లాండ్ వానకు అవి నీళ్లు పీల్చుకుని, రోజంతా ఒంటినంటుకునే ఉండేవి. గ్లెన్‌కో లోయలో మొదటిరోజే కెమెరా పాడైంది. వంతెన కట్టిపెట్టింది పేరున్న పర్వతారోహకుడు హామిష్ మకిన్నిస్.

ఆ వంతెన దగ్గరే ఒక బాధాకరమైన విషయం బయటపడింది. ఆర్థర్ వేసిన చాప్‌మన్ చదువుకు డాక్టరు, కొండలెక్కడం అలవాటున్నవాడు. వంతెన దాటమంటే మాత్రం వణికిపోయాడు. అప్పటికే మద్యానికి బాగా బానిసయ్యాడు. పొద్దున్నే మందు దొరకని చోట ఒళ్లు స్వాధీనంలో లేదు. ఆ షాట్‌లో ఆయన బదులు సహాయ దర్శకుడు దాటాడు. తర్వాత కొన్నేళ్లకు చాప్‌మన్ తాగుడు పూర్తిగా మానేశాడు. ఇది తెలిశాక సినిమా మళ్లీ చూడండి. చుట్టూ ఎంత పిచ్చి నడుస్తున్నా మొహంలో నవ్వు లేకుండా రాచఠీవి నిలబెట్టిన ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది. అందరూ వెర్రిగా నటిస్తే ఈ సినిమా నిలిచేది కాదు. ఒకడు నిజంగా రాజులా ఉండాలి, ఉన్నాడు.

ఒక్కొక్కరు ఎన్ని వేషాలు వేశారు?

మనిషికి నాలుగైదు తక్కువ కాదు. క్లీజ్ ఒక్కడే లాన్సిలాట్, నల్ల వీరుడు, ఫ్రెంచి తిట్ల సైనికుడు, టిమ్ అనే మంత్రగాడు. జోన్స్ బెడివీర్ వీరుడూ తనే, మట్టిలో ఆడ రైతూ తనే. దర్శకుడు గిలియమ్ ప్యాట్సీ వేషం కట్టి కొబ్బరి చిప్పలు కొట్టాడు, వంతెన ముసలివాడూ తనే. పాటలు నీల్ ఇనిస్‌వి. రాబిన్ అనే పిరికి వీరుడి వెంట తిరుగుతూ ఆ పిరికితనం మీదే పాటలు కట్టే భాగవతుడి వేషం కూడా ఆయనదే.

నల్ల వీరుడి సీను ఎందుకంత ఫేమస్?

నల్ల కవచం తొడుక్కుని దారికి అడ్డం నిలబడతాడు ఈ వీరుడు. రాజు అతని చెయ్యి ఒకటి నరికేస్తే "గీసుకుంది అంతే" అంటాడు. రెండోది పోతుంది. కాళ్లూ పోతాయి. మొండెం మాత్రం మిగిలి, డ్రా చేసుకుందాం అంటూనే వెళ్లిపోతున్న రాజుని పిరికిపంద అని తిడుతుంటాడు. బడిలో ఒక మాస్టారు చెప్పిన రోమన్ మల్లయోధుల కథే దీనికి మూలమని క్లీజ్ చెబుతుంటాడు. పట్టు వదలక పోరాడిన ఇద్దరిలో ఒకడు ఓటమి ఒప్పుకున్నాడు, తీరా చూస్తే గెలిచినవాడు అప్పటికే చచ్చిపోయి ఉన్నాడు. ఎప్పటికీ ఓటమి ఒప్పుకోకూడదని మాస్టారు తీసిన నీతి. అంత చెత్త నీతి ఇంకోటి లేదని క్లీజ్‌కి అప్పుడే అనిపించిందట.

ఎన్నికల్లో డిపాజిట్ పోయిన నాయకుడు టీవీలో "నైతిక విజయం మాదే" అంటుంటే నాకు ఈ నల్ల వీరుడే గుర్తొస్తాడు. ఆ సీను పాతబడకపోవడానికి అదే కారణం అనుకుంటాను.

మనుషుల్ని చంపే కుందేలు ఎక్కడిది? మరీ అతి కాదా?

అతే. కానీ పూర్తిగా వీళ్ల కల్పన అనుకోకండి. మధ్యయుగపు రాతప్రతుల అంచుల్లో, కత్తులు పట్టి వేటగాళ్ల మీదికి పోయే కుందేళ్ల బొమ్మలు నిజంగానే ఉన్నాయి. భక్తి గ్రంథాల పక్కన కూడా గీసి పెట్టారు. టెర్రీ జోన్స్ ఆ కాలాన్ని శ్రద్ధగా చదివినవాడు. 1980లో మధ్యయుగపు ఇంగ్లీషు కవి చాసర్ కావ్యంలోని వీరుడి మీద ఓ పుస్తకమే రాశాడు. అందుకే ఈ సినిమాలో వెకిలితనం ఎంతున్నా, ఆ బురద, పొగ, చింకిపాతలు మాత్రం చాలా సీరియస్ చారిత్రక చిత్రాల కన్నా నమ్మేటట్టు ఉంటాయి.

కుందేలును చంపే ‘పవిత్ర చేతిబాంబు’ని మీలో కొందరు వర్మ్స్ వీడియో గేమ్‌లో విసిరే ఉంటారు. అది ఇక్కడిదే.

రాగానే అందరూ మెచ్చుకున్నారా?

లేదు. తయారయ్యాక ముందుగా కొందరికి వేసి చూపిస్తే జనం నవ్వలేదు. మళ్లీ మళ్లీ కత్తిరించి అతికించారు. ఇనిస్ కట్టిన నేపథ్య సంగీతం చాలావరకు తీసేసి, రెడీమేడ్‌గా దొరికే గంభీరమైన వీరరస సంగీతం కొని పెట్టారు. సంగీతమే నవ్వించబోతే జోకు చచ్చిపోతుంది, అది నిజంగా గొప్ప యుద్ధ చిత్రం సంగీతంలా మోగాలి. అప్పుడు పండింది. న్యూయార్క్‌లో విడుదల రోజు మొదట వచ్చిన వెయ్యి మందికి కొబ్బరి చిప్పలు ఉచితమన్నారు, జనం బారులు తీరారు. విమర్శకులు మాత్రం రెండుగా చీలిపోయారు.

అభిమానులు అసలేం చేస్తుంటారు?

ముఖ్యంగా, డైలాగులు చెబుతుంటారు. ఎవరైనా మంచిమాట అంటే మనం "వేసుకో రెండు వీరతాళ్లు" అంటాం చూడండి, 1957 నాటి మాయాబజార్ మాట ఇంకా మన నోట్లో నానుతున్నట్టే. అయితే వీళ్లు ఒక్క మాటతో ఆగరు. ఒకరు మొదలుపెడితే ఎదుటివాడు అందుకుని సీను సీనంతా అప్పజెబుతాడు. ఇద్దరు అపరిచితులు దోస్తులైపోవడానికి అయిదు నిమిషాలు చాలు. మూడోవాడు అభిమాని కాకపోతే ఆ అయిదు నిమిషాలూ వాడికి నరకం. ఈ విషయంలో మావాళ్ల వల్ల విసుగెత్తినవాళ్లకు క్షమాపణలు.

థియేటర్లలో తెరతో పాటు అందరూ డైలాగులు అరిచే ప్రత్యేక ఆటలు వేస్తారు. చిప్పలు తెచ్చుకుంటారు. 2007 ఏప్రిల్ 23న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 5,567 మంది ఒకేసారి కొబ్బరి చిప్పలు వాయించి గిన్నిస్ రికార్డు కొట్టారు. జోన్స్, గిలియమ్ కూడా వచ్చారు. ఒక డీవీడీలో ‘ఈ సినిమా నచ్చనివాళ్ల కోసం సబ్‌టైటిల్స్’ అని పెట్టారు. నొక్కితే షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ నాటకం రెండో భాగంలోని మాటలు వస్తాయి. అభిమానుల ఆటకు తయారీదారులే ఇలా తాళం వేస్తుంటే ఇక ఆగుతుందా?

పైథాన్ కంప్యూటర్ భాషకూ దీనికీ నిజంగా సంబంధం ఉందా?

ఉంది. పాము బొమ్మ తర్వాత అంటించినదే. గీడో వాన్ రోసమ్ ఆ భాష తయారు చేస్తున్న రోజుల్లో వీళ్ల బీబీసీ కార్యక్రమం స్క్రిప్టులు చదువుతూ ఆ పేరు పెట్టాడు. పాఠాల్లో వేరియబుల్స్‌కి స్పామ్, ఎగ్స్ అని పేర్లు కనిపిస్తే అవి వీళ్ల టీవీ కార్యక్రమంలోని ఓ చిన్న హాస్య నాటిక (స్కెచ్) లోవే. అక్కర్లేని మెయిల్‌ని స్పామ్ అనడం కూడా ఆ స్కెచ్ పుణ్యమే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పైథాన్ నేర్చుకున్న లక్షణమైన కుర్రాళ్లంతా తెలియకుండానే ఈ ఆరుగురి పేరు జపించినట్టు.

స్పామలాట్ అంటే?

ఈ సినిమా ఆధారంగా ఎరిక్ ఐడిల్ రాసిన సంగీత నాటకం. 2005 మార్చిలో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలైంది, ఆ ఏడాది ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు గెలిచింది. బాగుంటుంది. కానీ బోలెడు డబ్బు పోసి తీర్చిదిద్దిన స్టేజీ మీద కొబ్బరి చిప్పలు కొడితే నాకెందుకో ఆ రుచి రాదు.

ముగింపు అదేంటి, మధ్యలో ఆపేసినట్టుంది?

సినిమా మధ్యలో ఈ కాలపు చరిత్రకారుడొకడు వచ్చి కథ వివరిస్తుంటే, ఒక వీరుడు దూసుకొచ్చి అతన్ని నరికేసి పోతాడు. సినిమా మొత్తంలో నిజం గుర్రం మీద వచ్చేది ఆ హంతకుడొక్కడే. అప్పటి నుంచి పోలీసులు ఆరా తీస్తూ వస్తుంటారు. చివర్లో మహాయుద్ధానికి సేన కదులుతుంది (ఆ సైనికులు స్టిర్లింగ్ యూనివర్సిటీ విద్యార్థులు). కత్తులు తగిలేలోపు పోలీసు వ్యాన్లు వచ్చి రాజుని అరెస్టు చేస్తాయి, కెమెరా మీద చెయ్యి పడుతుంది, అయిపోతుంది. యుద్ధం తియ్యడానికి డబ్బుల్లేవు. మొదట రాసుకున్న స్క్రిప్టులో సగం కథ నేటి కాలంలోనే ఉండేది, లండన్ హారడ్స్ దుకాణంలో గ్రెయిల్ దొరికేది.

మొదటిసారి చివరిదాకా చూసినప్పుడు నేనూ తిట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం, గుర్రం లేకుండా మొదలైన సినిమా యుద్ధం లేకుండా ముగియడం లెక్కకు సరిపోయిందనిపిస్తుంది.

తెలుగువాళ్లకు నవ్వొస్తుందా? పిల్లలతో చూడొచ్చా?

సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, యాస కష్టం. మొదటి ఇరవై నిమిషాలు నవ్వు రాకపోయినా కంగారు పడకండి, నేనైతే మొదటిసారి అక్కడే ఆపేశాను. నెత్తుటి ధారలు నకిలీవని తెలిసిపోతూనే ఉంటాయి, అయినా బొత్తిగా చిన్నపిల్లలకు వద్దు. అమ్మాయిల కోట సీను ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఇబ్బంది పెడుతుంది, పైగా ఈరోజు చూస్తే మొత్తం సినిమాలో బాగా పాతబడింది అదే.

డూన్ కోటకు వెళ్తే చూడటానికి ఏముంది?

పద్నాలుగో శతాబ్దం చివర్లో స్కాట్లాండ్‌ని ఏలిన ఆల్బనీ డ్యూక్ కట్టించిన కోట. స్టిర్లింగ్ నుంచి సుమారు 13 కిలోమీటర్లు. అవుట్‌ల్యాండర్ సీరియల్ చూసినవాళ్లు కూడా వస్తుంటారు, అందులోనూ ఇదే కోట. టికెట్‌తో ఆడియో గైడ్ తీసుకోండి. 2020 జనవరిలో చనిపోయిన టెర్రీ జోన్స్ గొంతు అందులో ఇంకా వినిపిస్తుంది. ఏ గదిలో ఏ సీను తీశారో ఆయనే చెబుతాడు.

ఇంటి నుంచి కొబ్బరి చిప్పలు మోసుకెళ్లక్కర్లేదు. అక్కడి కొట్లో అడిగితే కాసేపు వాడుకోవడానికి ఇస్తారు. ఇద్దరు వెళ్తే ఎవరు రాజో, ఎవరు ప్యాట్సీయో బస్సు దిగేలోపే తేల్చుకోండి. గోడ కింద నిలబడి కొట్లాడుకుంటున్న జంటల్ని అక్కడ చూశాను.